డాక్ బోర్డుకి వైరు కలిపేముందు సప్లై కొలవండి: ఇంట్లో కట్టిన ఆడియో కన్వర్టర్‌కి పవర్ సప్లై టెస్టింగ్, సెట్టింగ్

డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డాక్ (డీఏసీ) చిప్, పీసీఎం1794ఏ, దాన్ని నేను మూడు సెకన్లలో కాల్చేశాను. 28 కాళ్ళ బుల్లి చిప్ అది, భూతద్దం కింద పెట్టుకుని ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని సోల్డర్ చేశాను, కాళ్ళ మధ్య షార్టులు లేవని రెండుసార్లు చూసుకున్నాను, ఆ సంతోషంలో నేరుగా స్విచ్ వేసేశాను. డిజిటల్ వైపు 3.3 వోల్టులు రావాల్సిన చోట తొమ్మిది పైన వచ్చాయి. కారణం వెతికితే ప్రీసెట్ (స్క్రూ తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) నడిమి కాలికి డ్రై సోల్డర్, అంటే పైకి అతికినట్టే ఉండి లోపల పట్టని అతుకు. పది రూపాయల భాగం.

విశాఖలో మా పెదవాల్తేరు వీధి చివర రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. బోర్డు పట్టుకెళ్ళి చూపిస్తే ఆయన అన్నది ఒకటే మాట: "అన్నీ కలిపేసి అప్పుడు కొలుస్తావేటి బాబూ?" ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్నకి జవాబే. సప్లై విడిగా కట్టాలి, విడిగా కొలవాలి, లోడ్ పెట్టి సెట్ చేయాలి, డాక్ బోర్డు ఆఖర్న రావాలి.

నా సెటప్ ముందు చెబుతాను, లెక్కలన్నీ దాని మీదే. డాక్ చిప్‌కి రెండు సప్లైలు: అనలాగ్ వైపు 5 వోల్టులు, డిజిటల్ వైపు 3.3. చిప్ కరెంటు రూపంలో ఇచ్చే సిగ్నల్‌ని వోల్టేజీగా మార్చే ఎన్ఈ5534 ఆప్-ఆంప్‌లకి ప్లస్ 12, మైనస్ 12. ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, 5, 3.3 లైన్లకి 0-9 వోల్టులది, రెండు 12లకి నడిమి వైరున్న 15-0-15 వోల్టులది. వోల్టేజీని ఒకచోట నిలబెట్టే రెగ్యులేటర్లు పాత ఎల్ఎం317, మైనస్ వైపు ఎల్ఎం337. ఇంతకన్నా తక్కువ నాయిస్ ఉన్న కొత్త రెగ్యులేటర్లు ఉన్నాయి కదా అంటారేమో, ఉన్నాయి, కానీ ఇవి ఏ షాపులో అడిగినా దొరుకుతాయి, మొదటి డాక్ కట్టేవాళ్ళకి ఇవి చాలు. మీ చిప్ వేరేదైతే దాని డేటాషీట్‌లో రెండు అంకెలు చూసి రాసి పెట్టుకోండి: ఎంత వోల్టేజీ మీద పనిచేస్తుంది, ఎంత దాటితే పోతుంది. పీసీఎం1794ఏకి అనలాగ్ సప్లై 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి, 6.5 దాటకూడదు, డిజిటల్ 3.0 నుంచి 3.6, 4 దాటకూడదు. రెండోదాంట్లో మీకున్న ఖాళీ 0.7 వోల్ట్ మాత్రమే, గుర్తుపెట్టుకోండి.

స్విచ్ వేసేముందు

230 వోల్టుల వైపు తమాషాలు వద్దు. త్రీ పిన్ ప్లగ్, ఎర్త్ వైరు మెటల్ బాక్సుకి గట్టిగా బోల్ట్ చేసి ఉండాలి, ఫేజ్‌లో స్లో బ్లో ఫ్యూజు (30 వీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి 250 మిల్లీఆంపియర్ సరిపోతుంది), ప్రైమరీ కనెక్షన్లన్నీ స్లీవ్ వేసి కప్పేయాలి. మన ఊళ్ళో మే నెలలో టేబుల్ ముందు కూర్చుంటే చేతులు చెమటతో తడిసి ఉంటాయి, తడి చేతికి షాక్ ఎక్కువ తగులుతుంది, అందుకే చెప్పులు వేసుకుని, చేతులు తుడుచుకుని, కరెంటు ఉన్నప్పుడు ఒక చేయి జేబులో పెట్టుకుని కొలవండి. ఇంట్లో ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే స్విచ్) లేకపోతే డాక్ కన్నా ముందు అది పెట్టించుకోండి.

మొదటిసారి స్విచ్ వేయడం ఎప్పుడూ సిరీస్ బల్బు ద్వారానే. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సిరీస్ బోర్డు లాంటిదే: ఫేజ్ వైరు మధ్యలో హోల్డర్, దాంట్లో 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబారితే కెపాసిటర్లు చార్జ్ అయ్యాయన్నమాట, అంతా బాగానే ఉంది. అలాగే వెలుగుతూ ఉండిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, ఏసీని డీసీగా మార్చే డయోడ్ బ్రిడ్జి తిరగబడిందో, కెపాసిటర్ తిరగబడిందో చూడండి. మైనస్ సప్లైలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కి వెళ్ళాలి. చేతి అలవాటు కొద్దీ తిప్పి పెట్టేది ఇక్కడే.

రెగ్యులేటర్ కాళ్ళు

ప్లస్ కట్టినట్టే మైనస్ కూడా కట్టేస్తే ఏమవుతుందో చాలామందికి అనుభవమే. పేరున్న వైపు మీకు కనబడేలా పట్టుకుని, కాళ్ళు కిందికి పెట్టి ఎడమ నుంచి చదివితే ఎల్ఎం317 వరస అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. ఎల్ఎం337కి అడ్జస్ట్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. వెనకున్న లోహపు పలక కూడా మారుతుంది: 317లో పలక అవుట్‌పుట్‌కి కలిసి ఉంటుంది, 337లో ఇన్‌పుట్‌కి. అంటే రెండింటినీ మధ్యలో మైకా (కరెంటుని దాటనివ్వని పలచని రేకు) లేకుండా ఒకే హీట్‌సింక్‌కి బిగిస్తే ప్లస్ అవుట్‌పుట్, మైనస్ ఇన్‌పుట్ నేరుగా ముద్దులాడుకుంటాయి. మైకా వాషరు, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ వేసి, బిగించాక మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి పలకకీ హీట్‌సింక్‌కీ మధ్య బీప్ రాలేదని చూడండి.

337కి అవుట్‌పుట్‌లో కెపాసిటర్ తప్పనిసరి, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ అయినా ఉండాలి, లేకపోతే అవుట్‌పుట్ వోల్టేజీ దానంతట అదే పైకీ కిందికీ ఊగుతుంది (ఆసిలేషన్). అడ్జస్ట్ కాలి దగ్గర 10 మైక్రోఫారడ్ పెడితే 317 హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్ శబ్దం) అణచే శక్తి 65 డెసిబెల్స్ చుట్టుపక్కల నుంచి 80 దాకా పెరుగుతుంది, అది పెట్టండి, దాంతోపాటే రెండు 1ఎన్4007 డయోడ్లు కూడా (ఒకటి అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి, ఇంకోటి అడ్జస్ట్ నుంచి అవుట్‌పుట్‌కి), ఆపేసినప్పుడు కెపాసిటర్లోని చార్జ్ రెగ్యులేటర్ లోపలి నుంచి వెనక్కి పోకుండా. 337లో ఈ డయోడ్లు తిరగబడతాయి.

ప్రీసెట్ లెక్క

నా చిప్‌ని చంపింది ఇదే కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. 317 అవుట్‌పుట్‌కీ అడ్జస్ట్‌కీ మధ్య ఎప్పుడూ 1.25 వోల్ట్ నిలబెడుతుంది. ఆ మధ్యలో ఉన్న రెసిస్టర్ ఆర్1, అడ్జస్ట్ నుంచి గ్రౌండ్‌కి ఉన్నది ఆర్2. అవుట్‌పుట్ అంటే 1.25 ఇంటూ (1 ప్లస్ ఆర్2 బై ఆర్1). ఆర్1 కి 240 ఓమ్ వేసే సర్క్యూట్లు చాలా కనబడతాయి, నేను 120 వేస్తాను, ఎందుకంటే రెగ్యులేషన్ నిలబడాలంటే కొన్ని 317లకి 10 మిల్లీఆంపియర్ దాకా కనీస లోడ్ కావాలి, 120 ఓమ్ పెడితే ఆ పది దీంట్లోనే వెళ్ళిపోతుంది, బయట ఏమీ కలపకపోయినా వోల్టేజీ పైకి జారదు.

ఇప్పుడు ఆర్2 మొత్తం ఒక 1కే ప్రీసెట్ వేసేసి తిప్పుకుందాం అనుకుంటారు, నేనూ అదే చేశాను. ప్రీసెట్ తెగితే, దుమ్ము పడితే, నడిమి కాలు ఊడితే ఆర్2 అనంతం అయిపోతుంది, అవుట్‌పుట్ ఇన్‌పుట్ దాకా ఎగురుతుంది. అందుకని ఆర్2లో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ రెసిస్టర్, చివర కొంచెమే మల్టీటర్న్ ప్రీసెట్. ప్రీసెట్ నడిమి కాలుని ఒక చివరి కాలికి కలిపేయాలి, అప్పుడు నడిమి కాంటాక్ట్ వదిలినా ప్రీసెట్ పూర్తి విలువ దగ్గరే ఆగుతుంది, అనంతానికి పోదు.

5 వోల్టులకి 330 ఓమ్ ప్లస్ 100 ఓమ్ ప్రీసెట్ వేస్తే 4.69 నుంచి 5.73 దాకా తిరుగుతుంది. 3.3కి 180 ప్లస్ 50 ఓమ్ ప్రీసెట్, 3.13 నుంచి 3.65 దాకా. 12కి 910 ప్లస్ 200 ఓమ్, సుమారు 10.7 నుంచి 12.8. ఆ 1.25 కూడా చిప్‌ని బట్టి 1.20 నుంచి 1.30 దాకా మారొచ్చు, 1.30 వేసి చూసినా 3.3 లైను 3.79 దగ్గర, 5 లైను 5.96 దగ్గర ఆగుతాయి. అంటే ప్రీసెట్ ఎంత తిప్పినా చిప్ చావదు. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే నా ఆదివారం మిగిలేది.

స్విచ్ వేసేముందు మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ప్రీసెట్‌ని తక్కువ వైపుకి తిప్పేయండి. మల్టీటర్న్ ప్రీసెట్ 25 చుట్లు తిరుగుతుంది, చివరికొచ్చాక టిక్ టిక్ అంటుంది, గట్టిగా తిప్పితే విరగదు కానీ ఊరికే తిప్పకండి.

లోడ్ లేని కొలత కొలత కాదు

డమ్మీ లోడ్ అంటే డాక్ బోర్డు లాగే కరెంటు తాగే రెసిస్టర్ అంతే. 5 వోల్టుల లైనుకి 100 ఓమ్ (50 మిల్లీఆంపియర్), 3.3కి 47 ఓమ్ (70 మిల్లీఆంపియర్), రెండు 12లకి చెరో 330 ఓమ్ (36 మిల్లీఆంపియర్). అన్నీ 1 వాట్‌వి తీసుకోండి, పావు వాట్‌వి చాలవు, 330 ఓమ్ ఒక్కటే 0.44 వాట్ కాలుస్తుంది. మొసలి క్లిప్పులతో కాకుండా సప్లై కనెక్టర్లో బిగించి పెట్టండి, మధ్యలో ఊడితే మళ్ళీ మొదటికొస్తుంది.

సిరీస్ బల్బు పరీక్ష అయిపోయాక బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇవ్వండి, ఎందుకంటే బల్బు ఉంటే వోల్టేజీలు తక్కువ చూపిస్తాయి. ముందు రెగ్యులేటర్ ఇన్‌పుట్ కొలవండి. 0-9 ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 11 పైన, 15-0-15 నుంచి చెరో వైపు 20 పైన కనబడాలి. లోడ్ తక్కువ కాబట్టి ఇంకో రెండు మూడు వోల్టులు ఎక్కువే ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసే వోల్టేజీ ఫుల్ లోడ్ మీద మాట. ప్లస్, మైనస్ మధ్య ఒక వోల్ట్ తేడా ఉన్నా పరవాలేదు, సగానికి సగం తేడా ఉంటే నడిమి వైరు గ్రౌండ్‌కి సరిగ్గా తగల్లేదు.

తర్వాత అవుట్‌పుట్‌లు. మీటర్ నల్ల వైరుని గ్రౌండ్ మీద, అన్ని గ్రౌండ్లూ కలిసే ఆ ఒక్క పాయింట్ మీద క్లిప్ చేసి వదిలేయండి, ఎర్ర వైరు ఒక్కటే చేత్తో. ఒక్కో ప్రీసెట్ నెమ్మదిగా తిప్పి 5.00, 3.30, ప్లస్ 12.0, మైనస్ 12.0 చేయండి. రెండో దశాంశం కోసం ప్రాణం తీసుకోవద్దు, చవక మీటర్‌కే అంత నమ్మకం లేదు. ప్లస్, మైనస్ పదో వంతు వోల్ట్ తేడా ఉన్నా ఆప్-ఆంప్‌కి ఏమీ కాదు.

ఇరవై నిమిషాలు వదిలేసి టీ తాగి రండి. వచ్చాక రెగ్యులేటర్ వేడి చూడండి. వేడి అంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్ తేడాని కరెంటుతో గుణిస్తే వచ్చే వాట్లు. 3.3 లైను మీద కంప్యూటర్ నుంచి సిగ్నల్ తీసుకునే యూఎస్‌బీ బోర్డు కూడా ఉంటే 100 మిల్లీఆంపియర్ దాటొచ్చు, 8 వోల్టుల తేడా మీద 0.8 వాట్. హీట్‌సింక్ లేని 317 ఒక్కో వాట్‌కి 50 డిగ్రీల పైనే వేడెక్కుతుంది, గదే 35 ఉంటే మూసిన బాక్సులో లెక్క మీరే వేసుకోండి. చిన్న హీట్‌సింక్ వేసేయండి, గొడవ ఉండదు. వేడెక్కాక మళ్ళీ కొలిచి, జరిగితే ఇప్పుడు సరిచేయండి. ఇదే అసలు సెట్టింగ్.

సాకెట్లో వోల్టేజీ పడిపోయినప్పుడు ఏమవుతుంది

ఎవరూ చూడని పరీక్ష ఇది. 2014 అక్టోబర్లో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద బతికినప్పుడు మొదటిసారి సాకెట్లో వోల్టేజీ మీటర్‌తో చూశాను, అప్పట్నుంచి 230 అన్న మాట మీద నాకు నమ్మకం పోయింది. మామూలు రోజుల్లో కూడా ఎండాకాలం రాత్రి అందరూ ఏసీలు వేశాక మా ఇంట్లో 205 చూశాను, తెల్లవారుజామున 245.

200 వోల్టులు అనుకుని లెక్కేద్దాం. 15 కాస్తా 13 అవుతుంది, దాని పీక్ 18.4, డయోడ్ పోను 17.6, 2200 మైక్రోఫారడ్ మీద 50 మిల్లీఆంపియర్ లోడ్‌కి రిపుల్ (డీసీ మీద మిగిలిపోయే ఏసీ అల) 0.23 వోల్ట్, అంటే అడుగున 17.4. 317 పనిచేయాలంటే ఇన్‌పుట్ అవుట్‌పుట్ కన్నా 3 వోల్టులు ఎక్కువ ఉండాలని పెట్టుకుంటే 14.4 దాకా ఇవ్వగలదు. డేటాషీట్‌లో ఆప్-ఆంప్‌లకి ప్లస్ మైనస్ 15 ఉన్నా నేను 12కి దిగింది అందుకే. 15 కావాల్సిందే అంటే 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, కెపాసిటర్లు 35 వోల్టులవి వేయండి. అలాగే 0-9 బదులు ఇంట్లో పడి ఉన్న 0-6 వాడేద్దామనుకుంటే 200 దగ్గర బ్రిడ్జి తర్వాత 5.6 మాత్రమే మిగులుతుంది, దాంట్లోంచి 5 రాదు.

సాకెట్ వోల్టేజీని కావాల్సినంత దించే డిమ్మర్‌స్టాట్ దొరికితే (ఇంజనీరింగ్ కాలేజీలో చదివే వాళ్ళుంటే ల్యాబ్‌లో అడగండి) 190 దాకా దించుతూ అవుట్‌పుట్ చూడండి. లేకపోతే రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య కొలవండి, అదే మీ డిమ్మర్‌స్టాట్.

రిపుల్

మీటర్‌ని ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి కొలుస్తారు చాలామంది. కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజ్‌లో ఉన్నప్పుడు ఉత్త డీసీని కొలిచినా ఏసీ ఉన్నట్టు చూపిస్తాయి, కాబట్టి ఎర్ర వైరుకి సిరీస్‌లో 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టండి. రెగ్యులేటర్ ముందు, 150 మిల్లీఆంపియర్ లోడ్ మీద, 0.2 వోల్ట్ చుట్టుపక్కల కనబడుతుంది. రెగ్యులేటర్ తర్వాత సున్నా చూపించాలి. సున్నా చూపించినంత మాత్రాన గొప్ప సప్లై అని కాదు, 80 డెసిబెల్స్ అంటే పది వేల రెట్లు తగ్గింది, అది మీ మీటర్‌కి ఆనదు. మీటర్ ఇక్కడ చేసే పని వేరే: ఐదో పదో మిల్లీవోల్టులు కనబడితే ఇన్‌పుట్ చాలక రెగ్యులేటర్ చేతులెత్తేస్తోందనో, ఊగుతోందనో అర్థం. ఇన్‌పుట్ బాగానే ఉండి మిల్లీవోల్టులు కనబడితే ఊగడమే, అవుట్‌పుట్ కెపాసిటర్ చూడండి.

స్కోప్ (సిగ్నల్ అలని తెర మీద చూపించే ఆసిలోస్కోప్) ఉంటే ఏసీ కప్లింగ్, 20 మెగాహెర్ట్జ్ లిమిట్ ఆన్, ప్రోబ్ గ్రౌండ్ వైరు వీలైనంత పొట్టిగా. స్కోప్ లేనివాళ్ళకి యూఎస్‌బీ సౌండ్ కార్డ్ లైన్-ఇన్ చాలు: అదే 1 మైక్రోఫారడ్, తర్వాత 10కే రెసిస్టర్, లైన్-ఇన్‌కి గ్రౌండ్‌కి మధ్య ఒకదానికొకటి తిరగేసి పక్కపక్కనే (పేరలల్‌గా) రెండు 1ఎన్4148 డయోడ్లు, ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేసి స్పెక్ట్రమ్ చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, బ్రిడ్జి దాటాక అది 100 అవుతుంది. 100, 200, 300 దగ్గర గీతలు లేచాయంటే రిపుల్ దాటొస్తోంది. 50 దగ్గర ఒక్కటే లేచిందంటే సప్లైని తిట్టకండి, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం వైర్లలోకి దూకుతోంది, లేదా గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ వైర్లు రెండు దారుల్లో కలిసి చుట్టు కట్టడం). ట్రాన్స్‌ఫార్మర్‌ని కాస్త తిప్పి చూడండి, గీత ఎత్తు మారితే దొంగ దొరికినట్టే.

ఇప్పుడు డాక్ బోర్డు

కరెంటు తీసేసి, కెపాసిటర్లని 100 ఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి (స్క్రూడ్రైవర్‌తో నిప్పులు రాల్చకండి), డమ్మీ లోడ్లు తీసి డాక్ బోర్డు కలపండి. మొదటిసారి ప్రతి సప్లై లైనులో సిరీస్‌గా 10 ఓమ్ పావు వాట్ రెసిస్టర్ పెట్టండి. దాని మీద 0.35 వోల్ట్ కనబడితే 35 మిల్లీఆంపియర్ వెళ్తోందన్నమాట, పీసీఎం1794ఏ అనలాగ్ వైపు అటూఇటూగా అంతే తాగుతుంది. ఒక వోల్ట్, రెండు వోల్టులు కనబడితే వెంటనే ఆపండి. చిప్ కాళ్ళ మధ్య షార్ట్ ఉంటే ముందు ఆ రెసిస్టరే పొగలు కక్కుతుంది, పోతే పావలా భాగమే పోతుంది. యూఎస్‌బీ కేబుల్ ఇప్పుడే పెట్టొద్దు, సప్లై లేని చిప్‌లోకి సిగ్నల్ పంపడం మంచిది కాదు.

అన్నీ బాగుంటే 10 ఓమ్‌లు తీసేసి, వోల్టేజీ రెగ్యులేటర్ దగ్గర కాదు, చిప్ సప్లై కాలికి పక్కనే ఉన్న కెపాసిటర్ మీద కొలవండి. రెండు చోట్లా తేడా 50 మిల్లీవోల్టులు దాటితే వైరు సన్నం, లేదా కనెక్టర్ వదులు. 

ఆప్-ఆంప్ అవుట్‌పుట్లు చూసి మొదట నాకు టెన్షన్ వచ్చింది, సైలెన్స్‌లో మైనస్ నాలుగున్నర వోల్టులు చూపించాయి. అది తప్పు కాదు. ఈ చిప్ సైలెన్స్‌లో కూడా 6.2 మిల్లీఆంపియర్ ఇస్తూనే ఉంటుంది, ఆప్-ఆంప్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 750 ఓమ్ కాబట్టి మైనస్ 4.65 వస్తుంది. సిగ్నల్ ప్లస్, మైనస్ సగాలు రెండిట్లోనూ అంతే ఉంటుంది కాబట్టి తర్వాతి ఆప్-ఆంప్‌లో కొట్టుకుపోతుంది. ఆఖరి అవుట్‌పుట్ సాకెట్ దగ్గర మాత్రం కొన్ని మిల్లీవోల్టులే ఉండాలి. అక్కడ వోల్టుల్లో కనబడితే ఆంప్ కలపకండి, స్పీకర్ పోతుంది.

ఉప్పు గాలి

బీచ్‌కి దగ్గర ఇళ్ళలో ఉండేవాళ్ళకి ఒక మాట. ఇక్కడ కిటికీ ఊచలే ఏడాదికి తుప్పు పడతాయి, ప్రీసెట్ లోపలి కాంటాక్ట్ ఎంత. రెండు వానాకాలాలు దాటిన నా మొదటి సప్లైలో ప్రీసెట్ ముట్టుకుంటే చాలు 5 లైను పదో వంతు వోల్ట్ గెంతేది. నెయిల్ పాలిష్ చుక్క వేస్తే స్క్రూ కదలదు కానీ లోపలి తేమ ఆగదు. అందుకే ఇప్పుడు నేను సెట్ చేసిన వారం తర్వాత ప్రీసెట్ ఊడదీసి, దాని విలువ మీటర్‌లో చూసి, అంతే విలువకి ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు ఒకటో రెండో కలిపి సోల్డర్ చేస్తాను. ఆ మార్చిన రోజు డాక్ బోర్డు మళ్ళీ పక్కకి, డమ్మీ లోడ్లు మళ్ళీ లోపలికి. బద్ధకం వేస్తుంది, తెలుసు. బోర్డు అడుగున ఫ్లక్స్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక పీసీబీ వార్నిష్ కొడితే ఆకుపచ్చ తుప్పు రాదు, కనెక్టర్ల మీద మాత్రం పడకుండా టేపు అంటించండి.

ఆఖరి రీడింగులు బాక్సు మూత లోపల మార్కర్‌తో రాసుకుంటాను, తేదీ, అప్పుడు సాకెట్లో ఉన్న వోల్టేజీతో సహా. ప్రస్తుతం నా మూత మీద ఉన్నవి: 5.02, 3.31, ప్లస్ 11.98, మైనస్ 12.04, సాకెట్లో 212.